అల్లుడు బిగించిన బ్రేకు గొట్టాలు

మొన్న ఆదివారం మా రాయపూర్ శివార్లలో మందిర్ హసౌద్ వైపు వెళుతుంటే పాత కార్లు వరసగా ఎదురొచ్చాయి, ఎవరో సరదాపడి నలుగురూ కలిసి షికారుకి బయలుదేరినట్టున్నారు. మా అమ్మాయి మా బండి పక్కకి ఆపించి ఫొటోలు తీసుకుంటూ, తాతయ్య కారు కూడా ఇలాగే ఉండేదటగా నాన్నా అని అడిగింది. నేను నీళ్ల సీసా వెతుకుతున్నట్టు సీటు కిందకి వంగిపోయాను. ఇంత వయసొచ్చినా పైకప్పు లేని పాత కారు కనిపిస్తే తలెత్తి చూడలేను.

తాతయ్య అంటే మా మావగారు, మా ఆవిడ తండ్రి. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి, వ్యాగన్లు బాగుచేసే చోట రేకుపని చేసి రిటైరయ్యారు. నేనూ అక్కడే, బ్రేకుల సెక్షన్‌లో. ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరుకి కూతవేటు దూరంలోనే ఆయన కట్టుకున్న ఇల్లు. వయసులో ఉన్నప్పుడు ఒక రైసుమిల్లు షెడ్డులో తుక్కుగా పడున్న కారు చట్రాన్నీ ఇంజన్నీ తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి వంచి, పొడుగాటి ముక్కున్న రెండు సీట్ల రేసు కారు తన చేత్తో తయారు చేసుకున్నారు. సంసారం, పిల్ల చదువు, పెళ్లి, వీటన్నిటి మధ్య అది ఏళ్ల తరబడి తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కిందే ఉండిపోయింది. మా అత్తగారు దాన్ని గుడ్డ పెట్టి తుడవడమే గాని ఒక్కనాడూ ఎక్కి కూర్చున్న పాపాన పోలేదు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై మన ఊరు రాజధాని అయిన తొలిరోజులు మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటాయి, రోజుకో సంబరంగా ఉండేది. అలాంటి సంబరాల్లోనే ఎవరో పెద్దమనుషులు పాత కార్ల ఊరేగింపు పెట్టి మావగారిని కూడా రమ్మన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఊరంతా తిప్పాలి, ఆయనకున్న కోరికల్లా అదే.

ఇంజను పలికింది గాని బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి. బజారులో కార్ల బ్రేకులు చూసే మిస్త్రీకి చూపిద్దామని ఆయన అనుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో బ్రేకుల మనిషిని పెట్టుకుని బయటివాడి దగ్గరికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారని ముఖం ముడుచుకున్నాను. ఆ వీధిలో ఛత్తీస్‌గఢీ వాళ్లు కూడా నన్ను దామాద్ బాబు, అంటే అల్లుడుగారు, అనే పిలిచేవారు, ఆ హోదా నాకు బాగానే తలకెక్కింది. అల్లుడు చిన్నబుచ్చుకుంటే తట్టుకునే ఇల్లు కాదది. మిస్త్రీ మాట మళ్లీ ఎత్తలేదాయన.

నిజం చెప్పాలంటే ఆ పని చేసిన రోజులు ఇప్పటికీ తియ్యగానే గుర్తొస్తాయి. మేమిద్దరం కారు కింద వెల్లకిలా పడుకుని పాత గొట్టాలు విప్పడం, కొత్తవి మోకాలి మీద పెట్టి వంచడం, గొట్టం మూతిని విప్పార్చి నట్టు బిగించడం, అత్తగారు టీ గ్లాసులు నేల మీద నుంచే లోపలికి జరపడం. అంతా అయ్యాక మా వ్యాగన్ల పద్ధతిలోనే గాలి పట్టించి, జాయింట్లకి సబ్బునీళ్లు రాశాను. వెనక చక్రం దగ్గర జాయింటులో సన్నగా నురగ లేచింది.

"బాబూ, ఇక్కడ సిన్న సిన్న బుడగలొస్తన్నాయి. ఓపాలి ఇప్పి సూద్దుమా?" అన్నారు మావగారు.

పక్కింటివాళ్లు చూస్తున్నారు. "ఆ మాత్రం లీకు మా దగ్గర పాస్ చేసేస్తాం మావయ్యా. లీకయితే బండి ఆగిపోద్ది, అంతకంటే ఏటవుద్ది?" అన్నాను.

వ్యాగన్ల సంగతిలో అది నిజమే. వాటి గొట్టాల్లో గాలి ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే దానంతటదే పట్టేస్తుంది. కారుది సరిగ్గా తిరగేసిన వ్యవహారం, గొట్టంలో ఆయిలు పోతే బ్రేకే ఉండదు. అది తెలియనంత మొద్దునేమీ కాదు, కానీ ఏళ్ల అలవాటు నోట్లోంచి అలా వచ్చేసింది, వచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి అల్లుడి బింకం అడ్డొచ్చింది. ఆయన నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, "మీకు తెల్దేటి బాబూ" అని రెంచీ కింద పెట్టేశారు.

ఆయిలు పోస్తే పెడలు గట్టిగానే తగిలింది. ఊరేగింపు ముందురోజు అత్తగారు గంజి పెట్టిన చీర కట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు, వచ్చి కూడా, ముందు అల్లుడిగారిని తిప్పండి అని పక్కకి తప్పుకున్నారు. నేను దర్జాగా ఎక్కి కూర్చున్నాను. రైల్వే గేటు దగ్గర పల్లంలో, గేటు పడి సైకిళ్లూ ఆటోలూ ఆగి ఉండగా, మావగారు బ్రేకు తొక్కితే పెడలు నేలకంటా దిగిపోయింది. హ్యాండుబ్రేకు అందుకునే వ్యవధి లేదు. జనం మీదకి పోనివ్వకుండా ఆయన కారుని కుడివైపు గోడకి, తన వైపే తగిలేలా తిప్పేశారు.

నాకు గీత కూడా పడలేదు. ఆయన కుడి మణికట్టు విరిగింది, అన్నాళ్లు కొట్టి వంచిన ముక్కు నలిగి ముద్దయింది. మూగిన జనం ఏమైందని అడిగితే, నొప్పికి పళ్లు బిగబట్టి, "బ్రేక్ తో ఠీక్ థా భయ్యా, మేరా హీ పైర్ ఫిసల్ గయా" అన్నారు, బ్రేకు బాగానే ఉంది, తన కాలే జారిందని. వెనక చక్రం దగ్గర ఆయిలు మడుగు కడుతోంది. అది నాకు కనిపిస్తోంది, ఆయనకీ కనిపిస్తోంది. నేనూ ఆ మాటకే తలాడించాను.

ఆ రాత్రి ఆయన కట్టు కట్టిన చేత్తో పక్కన కూర్చుని, బాబుకి నెయ్యి వెయ్యవే అని అత్తగారికి చెబుతుంటే, నేను తలెత్తకుండా ముద్ద కలుపుకున్నాను. చివరిదాకా ఆయన ఆ మాట ఎత్తలేదు, పండగకి బట్టలు ముందు నాకే పెట్టారు. ఆ చెయ్యి మళ్లీ సుత్తి పట్టలేదు. కారు మళ్లీ తాటిపత్రి కిందకే పోయి, ఆయన పోయాక తుక్కుకి వెళ్లింది.

ఇప్పుడు మా ఇంటికీ ఒక అల్లుడున్నాడు. ఆ మధ్య నేను వంటింటి కుళాయి బిగిస్తుంటే, అలా కాదు మావయ్యా, తప్పు చేస్తున్నారు అంటూ నా చేతిలోంచి రెంచీ లాక్కున్నాడు. మా ఆవిడ నొచ్చుకుంది. సాయంత్రం పూట పార్కులో కలిసే మన ఈడు వాళ్లూ అదే అంటారు, అత్తవారింట ఆ మన్ననలు, ఆ గౌరవాలు ఇప్పుడెక్కడివని. నేనూ తలాడిస్తాను, మనసులో మాత్రం ఆ కుర్రాడికి దణ్ణం పెట్టుకుంటాను. ఆ వేళ మావగారు కూడా రెంచీ కింద పెట్టకుండా, నా మాట కాదని ఆ జాయింటు విప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి? అలిగి వారం రోజులు ఆ గడప తొక్కేవాణ్ణి కాదు, అంతే కదా. ఊరేగింపు నాడు అత్తగారు ఆ కారెక్కి ఊరంతా చూసొచ్చేవారు.