మబ్బు కోసేదెవరు

ఎలియోకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కాఫీపొడి కొంటే వేయించిన శనగలు కలిపారేమోనని అంగట్లోనే వాసన చూసేవాడు. దూడ పుడితే పొరుగువాడి ఆంబోతు పోలిక కనబడి, కంచె పొడుగునా తిరిగి కంత కోసం వెతికేవాడు. సాన్ హువాన్ పండగనాడు వానకోసం పునీతుడి బొమ్మను ఊరేగిస్తే, మోసినవాళ్లు దాని ముఖాన్ని ఎగువ పొలాలవైపే తిప్పారని తగువు పెట్టుకున్నాడు. సొనోరా ఎడారిలో అనుమానం మనుషులకు కొదవ లేదు కానీ, ఇంత శ్రద్ధగా అనుమానించేవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఆ ఏడు మాత్రం అతని అనుమానానికి కారణం లేకపోలేదు. పండగ వెళ్లి చాలా రోజులైనా అతని నేలమీద చినుకు పడలేదు. ఎండకు కంచె తీగను ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. పశువుల కుంట అడుగున నేల నెర్రెలు విచ్చింది. పొద్దున్నే నాగజెముడు మట్టల ముళ్లను మంటమీద కాల్చేసి, ఆ మట్టలను ఆవులకు వేసేవాడు. అవి నాలుగు ముక్కలు నమిలి, కళ్లు మూసుకుని నీడలో నిలబడేవి. ఈ వానల్లో కుంట నిండకపోతే మంద మిగలదు.

అలాగని మబ్బులు రాలేదా అంటే, రోజూ వచ్చాయి. మధ్యాహ్నం దాటగానే తూర్పు కొండలమీద నల్లగా లేచి, ఉరుముకుంటూ దిగి, సరిగ్గా అతని పొలిమేర దగ్గర రెండుగా చీలిపోయేవి. అటు తడిసేది, ఇటు తడిసేది. మధ్యలో ఎలియోకు దుమ్ము మిగిలేది.

"ఎవరో కోస్తున్నారు" అన్నాడు భార్య బ్రిహిదాతో.

అక్కడ అందరికీ తెలిసిన పనే అది. పిడుగుల మబ్బు ముంచుకొస్తుంటే, భయపడ్డవాళ్లు వాకిట్లో ఉప్పుతో సిలువ గీసి, వంటింటి కత్తిని మబ్బుకేసి ఎత్తి, నిలువునా అడ్డంగా గాలిని కోస్తారు. దాంతో మబ్బు చీలిపోతుందని నమ్మకం.

"ఎవరు కోస్తారు? ఎవరి పనులు వాళ్లకున్నాయి. రొట్టె చల్లారిపోతోంది, తిను" అంది బ్రిహిదా.

"ఇంకెవరు, మా వదినే. పిడుగంటే ఆవిడకున్న భయం ఇంకెవరికుంది?"

బ్రిహిదా పెనంమీది రొట్టెను తిప్పింది.

వదిన నాచా వాగు అవతల ఒంటరిగా ఉండేది. ఆమె భర్త చెమా, అంటే ఎలియో అన్న, కొన్నేళ్ల కిందట ఆ పశువుల కుంట దగ్గరే పిడుగు పడి చనిపోయాడు. ఆ కుంటతో ఒక చిక్కుంది. వాగు పొంగుతున్నప్పుడే ఎవరో ఒకరు వెళ్లి, అడ్డుపలకలు దించి నీళ్లను అందులోకి మళ్లించాలి. ముందే దించితే మొదటి పోటుకు కొట్టుకొచ్చే మొద్దులు పలకల్ని విరగ్గొట్టేస్తాయి. అన్న పోయాక ఆ పని ఎలియో నెత్తిన పడింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. రోజూ మబ్బు లేచే వేళకు ఎలియో గుట్టమీద తుమ్మచెట్టు కింద నక్కి వదిన ఇంటిని కాపలా కాశాడు. ఆమె తీగమీది బట్టలు తీసేది, కోళ్లను గూట్లోకి తోలేది, తలుపేసుకునేది. చేతిలో కత్తి ఎన్నడూ కనబడలేదు. కనబడకపోయేసరికి అతని అనుమానం ఇంకా గట్టిపడింది. తలుపేసుకుని లోపలినుంచి కోస్తోందన్నమాట.

చివరికి ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వదినా, నా ఆవులు నీకేం అపకారం చేశాయి?"

"రాగానే ఆవుల గోలేంటి? ఎండన పడి వచ్చావు, కాసిని నీళ్లు తాగు."

"నాకెందుకులే నీళ్లు. పైనుంచి వచ్చేవాటిని నువ్వు కోసేస్తున్నావుగా."

నాచా అతన్ని ఎగాదిగా చూసింది. "రోజూ ఆ గుట్టమీద కూర్చునేది నువ్వా? నామీద మనసుపడ్డ ముసలాడెవడోలే అనుకున్నా." నవ్వబోయి ఆగిపోయింది. "మీ అన్న పోయిన రోజు కోశాను మరిదీ. చెయ్యి పడిపోయేదాకా కోశాను. ఆ తర్వాత మళ్లీ కత్తి ఎత్తలేదు. అది పనిచేసేదే అయితే మీ అన్న బతికుండేవాడు. నువ్వు నన్నిలా అంటుంటే విని ఊరుకునేవాడా?"

ఎలియో సిగ్గుతో చచ్చిపోతూ, ఎవరి కంటా పడకుండా వాగులోంచి నడిచి, పశువుల కొట్టం వెనకగా ఇంటికొచ్చాడు. అప్పటికే తూర్పున మబ్బు లేచింది. ఆ వేసవిలో మబ్బు లేచే వేళకు అతను ఇంటిపట్టున ఉండటం అదే మొదటిసారి.

పెరట్లో బ్రిహిదా నిలబడి ఉంది. కాళ్ల దగ్గర ఉప్పు సిలువ. మాంసం వరుగులు కోసే కత్తిని పైకెత్తి, పెదవులు కదుపుతూ మబ్బును కోస్తోంది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని.

"నువ్వా" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. కత్తి దించింది కానీ దాచుకోలేదు. "నేనే."

"ఆవులు చస్తున్నాయే. చూస్తూనే ఉన్నావుగా."

"చూస్తున్నా. ఏడుస్తూనే ఉన్నా. ఉరిమితే చాలు, టోపీ పెట్టుకుని ఆ పలకల దగ్గరికి పరిగెడతావు. మీ అన్నా అలాగే వెళ్లాడు. అతన్ని ఇంటికి మోసుకొచ్చింది మీ వదినా నేనూ. బూట్లు కాలిపోయి ఉన్నాయి. నిన్నలా మొయ్యడం నావల్ల కాదు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే ఆగేవాడివా? ఊళ్లో అందరిమీదా నీకు అనుమానమే. పెళ్లాం భయంతో చస్తోందేమోనన్న అనుమానం మాత్రం ఒక్కనాడూ రాలేదు."

కత్తికి మబ్బు తెగుతుందో లేదో నాకు తెలియదు. కొండగాలికే చీలుతుందనేవాళ్లూ ఉన్నారు. ఆ రోజు మాత్రం చీలలేదు. ముందు దుమ్ముగాలి లేచి ఆకాశాన్ని కమ్మేసింది. వెనకే వాన, రేకుల కప్పుమీద రాళ్లు పోసినట్టు దిగింది. ఇద్దరూ ఇంట్లోకి పరిగెత్తారు.

ఎలియో చెయ్యి దానంతటదే మేకుకున్న టోపీని అందుకుంది. బ్రిహిదా వద్దనలేదు. గోడకానుకుని చూస్తోంది. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతను టోపీని మళ్లీ మేకుకే తగిలించి బల్ల దగ్గర కూర్చున్నాడు.

కుంటవైపు మెరుపు మీద మెరుపు. కాసేపటికి వాగు వచ్చింది. బండరాళ్లు దొర్లే చప్పుడు ఇంట్లోకి వినబడింది. ఆ వాగు ఎంతోసేపు పారదు. పిడుగులు ఆగాక వెళితే బురద తప్ప ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు. వేసవంతా ఎదురుచూసిన నీళ్లు కుంటను దాటి ఇసుకలోకి పోతున్నాయి. ఎలియో కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను తుడుచుకోలేదు.

బ్రిహిదా వచ్చి పక్కన కూర్చుంది.

"పోతున్నాయి. వినబడుతోందా?" అంది మెల్లగా.

"వినబడుతోంది" అన్నాడు. లేవలేదు.