ధర లేని స్టాంపు, మునెమ్మక్క కంబళి

మా చిన్నప్పుడు... కేజీఎఫ్ బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజులు. గని కూలీల లైన్ ఇళ్ళలో మా పక్కిల్లు మునెమ్మక్కది. ఆమె భర్త నారాయణప్ప పటాలంలో ఉండేవాడు. వియత్నాంలో యుద్ధం ఆపిన ఒప్పందం సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి మన సైనికులను పంపితే, ఆయనా వెళ్ళాడు.

ఉత్తరం వస్తే చదివిపెట్టేది నేనే. కవరు మీద ఇండియా పటం బొమ్మ ఉన్న మన స్టాంపే... దాని మీద నల్లటి హిందీ అక్షరాల్లో వియత్నాం అని అచ్చు. తపాలా ముద్రలో మాత్రం ఊరి పేరు ఉండదు, ఒక నంబరంతే. మిలిటరీ టపా కదా.

"యాడ ఉండాడప్పా మీ బావ?" ప్రతిసారీ అడిగేది.

"నంబరే ఉండాదక్కా."

మా లైన్ పిల్లలందరికీ స్టాంపుల పిచ్చి. కవరు ముక్క కత్తిరించి చెంబు నీళ్ళలో నానబెడితే స్టాంపు ఊడొస్తుంది. అక్క ఒప్పుకునేది కాదు. "నీళ్ళలో ఏస్తే ఆయప్ప చేతిరాత కరిగిపోతాది, పో!" కవర్లన్నీ ట్రంకు పెట్టెలోకే...

నేను అలిగితే, ఆ అలకను కూడా ఉత్తరంలో నాచేతే రాయించింది. జవాబుతో పాటు నాకొక స్టాంపు వచ్చింది. తుపాకీ పట్టిన సిపాయి బొమ్మ. ధర లేదు. అక్కడి సిపాయిలు ఇళ్ళకు రాసే ఉత్తరాలకు అంటించేదట. మార్చుకుందామని తీసుకెళితే మావాళ్ళు నవ్వారు. "రేటే లేని దానికి నా సిలోన్ ఏనుగు కావాలా నీకు? పోరా!"

ఆ చలికాలం అక్క ముళబాగిలు సంతలో కంబళి కొని, ఆ నంబరుకే పార్సిల్ చేసింది. ఎదురింటి మేస్త్రి గోపాలప్ప లైనంతా వినేలా నవ్వాడు. "ఎండకు గొడుగులంత టోపీలు పెట్టుకునే దేశమమ్మా అది! పేపర్లో బొమ్మ చూసినాను. నీ మొగుడు ఉడికిపోతాడు!"

'కంబళి చేరినది' అని జవాబు వచ్చింది. ఆ ఒక్క ముక్కే.

"చేరిందని రాసినాడే... కప్పుకున్నానని యాడైనా రాసినాడా, మళ్ళీ చూడప్పా."

లేదు...

నారాయణప్ప తిరిగొచ్చి గనిలో చేరాడు. మాట పొదుపు మనిషి. "యాడ ఉంటివి?" అంటే "వియత్నాంలో." "చలా, ఎండా?" అంటే "రెండూ ఉండె" అని షిఫ్టుకు వెళ్ళిపోయేవాడు. ఆయనను నొప్పించకూడదని అక్క మళ్ళీ అడగలేదు. గోపాలప్ప ఎగతాళి మాత్రం ఆగలేదు. కంబళి మాట వస్తే అక్క తల దించుకునేది.

తర్వాత గోపాలప్ప పోయాడు, నారాయణప్పా పోయాడు. గనులూ మూతపడ్డాయి.

నేను స్టాంపులు వదల్లేదు. ఈమధ్య, స్టాంపులు సేకరించే ఒక పెద్దాయన పుస్తకంలో మిలిటరీ టపా నంబర్లు, వాటి ఊళ్ళు కనిపించాయి. చిన్నప్పుడు అన్నిసార్లు చదివిన నంబరు, మరిచేది కాదు. హనోయ్... ఉత్తర వియత్నాం. నా ధర లేని స్టాంపు కూడా ఆ ఉత్తరాది సైన్యానిదే. చలికాలం అక్కడ ముసురు, ఎముకలు కొరికే చలి.

మోకాళ్ళు మొరాయిస్తున్నా బస్సెక్కి కోలారు పక్కనున్న తమక ఊరికి వెళ్ళాను. అక్క అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. ఆ నంబరు హనోయ్‌దని చెప్పాను.

"చలి ఉంటాదా ఆ ఊర్లో?"

"బాగా ఉంటాదక్కా."

"అయితే కప్పుకోనే ఉంటాడు..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ గోపాలప్ప ఇప్పుడు ఉండాల్సింది, ముందర నిలబెట్టి చెప్పేదాన్ని!"

ట్రంకు తెరిపించి కవర్ల కట్ట నా ఒళ్ళో పెట్టింది. "ఇంగ తీసుకోప్పా. నీళ్ళలో ఏసుకో."

ఆ మాట కోసం చిన్నప్పుడు ఎంత అలిగానో... కట్టను మళ్ళీ పెట్టెలోనే పెట్టి వచ్చాను.

ఇప్పుడు ఎవరు ఏ వీధిలో ఉన్నారో ఫోనే చూపిస్తుంది. అక్కడ చలిగా ఉందా అని అడిగేవాళ్ళే తగ్గిపోయారు...

మీ ఇంట్లో అలాంటి పాత కవర్లున్నాయా? స్టాంపు ఊడదీయకండి. ఎవరు రాశారో, ఎవరు ఎదురుచూశారో... వీలైతే ఇక్కడ చెప్పండి.