ఛాయాదేవి ఈల

భర్తకి కాశ్మీరు బదిలీ అయ్యాక ఛాయాదేవిని ఢిల్లీ కంటోన్మెంటులో, మగవాళ్లు సరిహద్దుల్లో ఉన్న కుటుంబాలకిచ్చే క్వార్టర్సుకి మార్చారు. హిందీ అంతగా రాదు. సాయంత్రాలు వెనక గుమ్మంలో కూర్చునేది. ఎదురుగా గోడ, దానవతల గడ్డి మైదానం.

తొంభై ఆరులో తొలి వానలు పడ్డాక ఆ గడ్డిలోంచి ఒక పిట్ట కూయసాగింది. పూరేడని వినగానే పోల్చుకుంది. విజయనగరం పక్క పల్లెలో ఆమె తండ్రి వల పన్ని పట్టేవాడు. కాని ఇది ఏ పూరేడు? చలికాలంలో వచ్చిపోయేది మూడు ముక్కలుగా కూస్తుంది. ఇది రెండే: విట్‌-విట్‌. ఓనాడు గోడమీంచి తొంగిచూస్తే, రొమ్ము మీద సిరా ఒలికినట్టు నల్లమచ్చ కనిపించింది. వానపూరేడు పోతు. ఈ వానల్లోనే జతకట్టే రకం.

తండ్రి పెట్టలా ఈల వేసి పోతుల్ని రప్పించేవాడు. ఆమె కూడా సన్నగా వేసింది. కాసేపటికి గోడ పక్కనే, విట్‌-విట్‌! ఆమె మళ్లీ వేసింది. అప్పట్నుంచి రోజూ ఇదే పని.

"ఏంది వదినా, సీటీ కొడతా ఉండావు?" అంది పక్కింటి ఆండాళ్. "సిపాయిలు లైను కట్టేరు, జాగ్రత్త!"

"పిట్ట కోసం వదినా. పూరేడు."

"అచ్ఛా, బటేర్! పట్టు, పులుసు పెడదాం. ఏందట్లా అరుస్తాది, దానికేం పన్లేదా?"

"పెట్ట దొరకలేదింకా. దొరికితే నోరు మూసేస్తాది."

ఆ మాట అన్నాక ఆమెకే గుచ్చుకుంది. మైదానం అవతలి కొసన కూసే పోతులన్నీ ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఇదొక్కటే, కుక్కలు తిరిగే ఈ గోడవారన, లేని పెట్టకోసం కాచుకుని ఉంది. వానలు సగం అయిపోయాయి.

మర్నాడు అది వచ్చి పిలిచింది. ఆమె చీరకొంగు పళ్ల మధ్య బిగించి కూర్చుంది. చీకటి పడేదాకా పిలుస్తూనే ఉంది. ఆ తర్వాత రోజు రోజుకీ కూత దూరం జరిగింది. ఒక సాయంత్రం అసలు వినపడలేదు.

"నీ బటేర్ని ఎవుడన్నా కోసుకుతిన్యాడా వదినా?"

"నేదు. జత దొరికుంటాది."

"నువ్వు చూసినావా?"

చూడలేదు. ఆండాళ్ లోపలికి వెళ్లిపోయాక కూడా ఛాయాదేవి గడ్డివైపే చెవి ఒగ్గి ఉండిపోయింది. పెదవులు తడుపుకుంది. ఈల మాత్రం వేయలేదు.