కుడిపక్క స్పీకరు

రిటైరైన ఏడాది నేనొక తిక్క పని చేశాను. మా బంధువుల్లో ఎవరు రిటైరైనా స్థలమో బంగారమో కొంటారు. అందులోనూ నేనుండేది ప్రొద్దుటూరు. ఈ ఊళ్లో ఉంటూ బంగారం కొననివాణ్ని మనిషిగా లెక్కవేయరు. నేను మాత్రం పాటలు దాచుకునే పెట్టె కొన్నాను. మ్యూజిక్ సర్వరు అంటారు దాన్ని. సీడీల్లో ఉన్నవీ, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవీ, ఇంటర్నెట్లో కొన్నవీ, పాటలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. ఏది కావాలంటే అది ఫోన్లో వెతికి, ఏ గదిలో స్పీకర్లుంటే ఆ గదిలో పలికించుకోవచ్చు. దాని ఖరీదు విన్నరోజు మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

మా సొంతూరు జమ్మలమడుగు. మిషను బడి, మిషను ఆసుపత్రి చుట్టూ పెరిగిన కుటుంబాల్లో మాదొకటి. మా నాన్న బడిలో టీచరు, ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపే క్వయిరు మాస్టరు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నాన్న తర్వాత క్వయిరు కూడా నాకే వచ్చింది. ఇల్లు ప్రొద్దుటూరులో కట్టుకున్నా, ఆదివారం పొద్దున్నే బండి మీద జమ్మలమడుగు పోయి, పాటకు శ్రుతి ఇచ్చి, చెయ్యి ఊపి వస్తాను. దానికి జీతమేమీ లేదు. అయినా నేను ఎవరికీ వదలకుండా పట్టుకున్న పని అదొక్కటే.

పెట్టెను బిగించిపెట్టింది మా బామ్మర్ది. పులివెందులలో ఇంటింటికీ ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పని అతనిది. సర్వరూ, రూటరూ హాల్లో పెట్టాడు. స్పీకర్లు రెండూ వెనకగదిలో, కిటికీ దగ్గర ఒకటి, తలుపు దగ్గర ఒకటి. "పెద్ద పెద్ద పాటలు బావా, గాలిలో పంపిస్తే తెగిపోతాయి. వైరే మేలు" అని ఒక్కో స్పీకరుకు ఒక్కో కేబుల్ లాగాడు. గోడకు బెజ్జం కొట్టబోతే మా ఆవిడ అడ్డం పడింది. "రంగేసి నెల కాలే. డ్రిల్లు పట్టినావంటే చెయ్యి ఇరగ్గొడతా" అంది తమ్ముణ్ని. అందుకని ఎడమ స్పీకరు కేబుల్ కిటికీలోంచి, కుడి స్పీకరు కేబుల్ తలుపు కింద గడప మీదుగా పోయాయి.

మొదటి వారం నేను భూమ్మీద లేను. వీణ తీగ మీద గోరు తగలడం కూడా వినిపించేది. మధ్యాహ్నం భోంచేసి, వెనకగదిలో ఏసీ వేసుకుని, తలుపు మూసుకుని కూర్చునేవాణ్ని. తలుపు మూయకపోతే కుదరదు. వీధిలో ఆటోల మోత ఒకవైపు, మా ఆవిడ చూసే సీరియల్లో ఏడుపు ఒకవైపు.

తర్వాతి వారం ఒకరోజు పాట వింటూండగా కుడిపక్క ఉన్నట్టుండి ఏమీ లేకుండా పోయింది. పాట ఆగలేదు. ఎడమపక్క హాయిగా సాగుతూనే ఉంది. కుడిపక్కే ఏమీ లేదు. కాసేపటికి మళ్లీ వచ్చింది. వచ్చి, పాట ఎంతదాకా పోయిందో అక్కడే కలిసింది. ఇంకొకరైతే స్పీకరు చెడిందనుకుంటారు. నేనలా అనుకోలేదు. నా చెయ్యి నా కుడిచెవి మీదికి పోయింది.

మా నాన్నకు నా వయసులోనే కుడిచెవి పోయింది. మొదట్లో వినికిడి వస్తూ పోతూ ఉండేదట. ఎడమది కూడా మందగించినా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం చర్చిలో పాట అయిపోయింది, అందరూ ఆపేశారు, మా నాన్న చెయ్యి మాత్రం ఇంకా తాళం వేస్తూనే ఉంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన చుట్టూ చూసి, చెయ్యి దించి, పాటల పుస్తకం మూసి, వచ్చి బెంచీలో కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడూ ముందుకు పోయి నిలబడలేదు. అప్పుడు నేను క్వయిరులో వెనక వరసలో ఉన్నాను. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లముందు ఊగుతుంది.

కుర్చీని వెనక్కి తిప్పి కూర్చుంటే తేలిపోయేది కదా అని మీరనొచ్చు. నిశ్శబ్దం నాతో పాటు తిరిగితే చెవిది తప్పు, తిరక్కపోతే స్పీకరుది. జన్మంతా లెక్కలు చెప్పినవాడికి అంతమాత్రం తట్టదా? తట్టింది. చేయలేదు. తేలిపోతుందనే చేయలేదు. ప్రొద్దుటూరులో చెవి డాక్టర్లకేమీ కొదవ లేదు. వాళ్ల బోర్డులు కనిపిస్తే మాత్రం బండి వేగం పెంచేవాణ్ని.

భయం అక్కడితో ఆగలేదు, నాతో పాటు చర్చిలోకి కూడా వచ్చింది. మా చర్చిలో ఆడవాళ్లు నా కుడిపక్క నిలబడతారు. వాళ్ల గొంతులు నాకు తక్కువగా వినిపిస్తున్నాయనిపించింది. "గట్టిగా పాడండమ్మా, అన్నం తినలేదా?" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్లకు తెలుసు కాబట్టి ఇంకాస్త పెంచారు. చాలదన్నాను. చివరికి కీర్తన పోయి కేకలయ్యాయి. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, "ఏం నాయనా, దేవునికేమన్నా చెవుడా?" అని అడిగింది. ఆమె వేళాకోళానికి అంది. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

బామ్మర్దికి ఫోన్ చేసి, "నెట్‌వర్క్ అప్పుడప్పుడు తెగిపోతాందిరా" అని మాత్రం చెప్పాను. చెవి సంగతి ఎత్తలేదు. అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువు పాడై ఉండాలని ప్రార్థన చేసుకున్నవాణ్ని ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

అతను ల్యాప్‌టాప్, సంచినిండా చీనీకాయలు, అదే బత్తాయిలు, పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నమంతా వెనకగదిలో కూర్చున్నాం. హాల్లోంచి మా ఆవిడ పులివెందుల కబుర్లు అడుగుతుంటే జవాబు చెబుతూనే రూటరు ఆపి మళ్లీ వేశాడు. కేబుళ్ల కొసలు కత్తిరించి కొత్త ప్లగ్గులు కొట్టాడు. "స్పీకర్లకు ఒక్కోదానికి ఒక్కో నెట్‌వర్క్ నంబరు కట్టేసినా బావా, ఇంక ఒకదాని నంబరు ఇంకోటి గుంజుకోదు" అన్నాడు. ఇంత చేస్తున్నా పాట ఒక్కసారి కూడా తెగలేదు. "నీ లైను శానా బాగుండాది. ఏమన్నా ఉంటే గదా నేను బాగుచేసేది" అని చీనీరసం తాగి వెళ్లిపోయాడు. మర్నాడు నేనొక్కణ్నే కూర్చుని పాట పెట్టాను. కుడిపక్క పోయింది.

మళ్లీ పిలిచాను. ఈసారి కేబుళ్లు కలిపే చిన్న పెట్టెను తీసేసి కొత్తది పెట్టాడు. సర్వరులో సాఫ్ట్‌వేర్ కూడా మార్చాడు. అతనున్నంతసేపూ రెండు స్పీకర్లూ బుద్ధిమంతుల్లా పలికాయి. "నన్ను చూస్తే నీ పెట్టె భయపడతాంది బావా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకో మనిషి పక్కన ఉంటే పోవడం లేదు, నేనొక్కణ్నే ఉంటే పోతోంది. పెట్టెకు సిగ్గూ భయం ఉండవు. కాబట్టి తప్పు పెట్టెలో లేదు. నా లెక్క చక్కగా కుదిరింది, దిద్దడానికి ఎక్కడా సందు లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారితో చెప్పేద్దామనుకున్నాను. "ఇంక ఎవరినైనా చూసుకోండి, నాకు వయసైంది" అనాలి. చెవి మాట అనకూడదు. చెయ్యి ఊగుతూ ఉండగా జనం చూడకముందే నేనే దించేస్తే మర్యాదగా ఉంటుంది. ఆ వాక్యం బండి మీద పోతూ గొంతెత్తి రెండు మూడు సార్లు అనుకుని చూశాను. ప్రతిసారీ సగంలోనే ఆపేశాను.

శనివారం బామ్మర్ది బట్టల కోసం ప్రొద్దుటూరు వచ్చాడు. ఎండ మండిపోతోంది. మా ఆవిడ సంగటి, కోడిపులుసు చేసింది. సంగటి తిన్న మనిషికి కళ్లు నిలవవు. "ఏసీ గదిలో పండుకోపో" అని అక్క అంటే వెనకగదిలో చాప వేసుకుని పడుకున్నాడు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. చల్లదనం పోతుందని మా ఆవిడ బయటినుంచి తలుపు లాగింది. "ఏదన్నా మెల్లిగా పెట్టు బావా, నిద్ర పడతాది" అన్నాడతను. వయొలిన్ పెట్టాను.

కాసేపటికి కుడిపక్క పోయింది. నేను కదల్లేదు. అలవాటైపోయింది కదా, కళ్లు మూసుకుని రేపు చెప్పాల్సిన వాక్యం నెమరేసుకుంటున్నాను.

"బావా, ఆ పక్కది పాయ" అన్నాడు బామ్మర్ది. కళ్లు కూడా తెరవలేదు.

"ఏంది పాయ?"

"కుడిపక్కది. పలుకుతా లేదు. నీకు ఇనపడలేదా?"

"మళ్లీ చెప్పురా."

"ఏముండాది చెప్పేదానికి? ఎడమది పలుకుతాంది, కుడిది పలుకుతా లేదు. ఇదేనా నువ్వు చెప్పింది?"

ఇంకొకరి చెవికి కూడా ఆ నిశ్శబ్దం వినపడింది. సంగటి తిని సగం నిద్రలో ఉన్నవాడికి వినపడింది. నా ఒంట్లో వేడంతా ఒక్కసారిగా దిగిపోయినట్టయింది.

అతను లేచి, హాల్లో ఉన్న ల్యాప్‌టాప్ కోసం తలుపు తీశాడు. కుడి స్పీకరు పలికింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మూయి" అన్నాను. మూశాడు. కాసేపుండి పోయింది. "తీయి." వచ్చింది. "మూయి." పోయింది. మనవలున్న మగాళ్లిద్దరం తలుపు తీస్తూ మూస్తూ ఉంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏందప్పా, తలుపుతో ఆడుకుంటాండారు? ఎండదెబ్బ తగిలిందా ఏంది?"

గడప దగ్గర వంగి చూశాం. తలుపు మూసినప్పుడల్లా దాని కింది అంచు కేబుల్‌ను గడపకేసి నొక్కుతోంది. పైతోలు ఊడి లోపలి రాగితీగలు బయటపడ్డాయి. ఏసీ గాలికి తలుపు కాస్త అదిరినా చాలు, కుడి స్పీకరుకు దారి తెగిపోతుంది. మళ్లీ అతుక్కున్నాక, ఎడమది ఎక్కడ పాడుతూ ఉంటే కుడిది కూడా అక్కడే అందుకుంటుందని బామ్మర్ది చెప్పాడు. అచ్చం చెవి పోయి వచ్చినట్టే.

"తప్పు నాదే బావా. కేబుల్ లాగినప్పుడు ఒక్కసారన్నా తలుపు మూసి చూడాల్సుండె" అని అతను నొచ్చుకున్నాడు. మూసి చూడాలని అతనికి ఎలా తోస్తుంది? మా వైపు ఇంటికి మనిషొస్తే, ఆ మనిషి ఉన్నంతసేపూ తలుపులు బార్లా తీసే ఉంచుతాం. చుట్టం లోపలుండగా తలుపు మూస్తే లేచిపొమ్మని చెప్పినట్టే. బిగించిన రోజు, తర్వాత వచ్చిన రెండు సార్లు అతను చుట్టంగానే కూర్చున్నాడు, మేము మర్యాదగానే తలుపు తీసి ఉంచాం. ఇంట్లో మనిషిలాగా చాప మీద పడి నిద్రపోయిన రోజునే తలుపు మూతపడింది. నా లెక్కలో ఆ తలుపు లేదు.

నేను అతన్ని గట్టిగా కావలించుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "ఇన్నాళ్లూ సతాయించిందానికి తిట్టకుండా మెచ్చుకుంటాండావేంది బావా?" అని బిత్తరపోయాడు. మా ఆవిడ నా మొహం కాసేపు చూసింది. తమ్ముడి వైపు తిరిగి, "కొట్టు బెజ్జం. రంగు పోతే పోనీ" అంది. సాయంత్రానికి గోడలోంచి కొత్త కేబుల్ వేసి, చీకటి పడకముందే అతను పులివెందుల బస్సెక్కాడు.

నేను తలుపు మూసుకుని కూర్చున్నాను. పాట మొదట్నుంచీ చివరిదాకా రెండుపక్కలా వచ్చింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. అయ్యగారికి చెప్పాల్సిన వాక్యం మర్చిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పుడు మా ఆవిడ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. నా పాటలు వినడానికి ఎప్పుడూ రాని మనిషి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"చెవి అనుకుంటివి గదా?" అంది.

ఆమె జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అబద్ధం చెప్పి లాభం లేదు. "నీకెట్లా తెలుసు?" అన్నాను.

"ఈ మధ్య ఎప్పుడు చూసినా చెయ్యి చెవి మీదనే ఉండె. మీ నాయన మాదిరే. నాకు కండ్లు లేవా?"

"మరి అడగలేదేం?"

"అడుగుతే నువ్వు అవునంటివనుకో, నేనేం చేయాల? నాకూ భయమే అప్పా."

వయొలిన్ సాగుతోంది. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, పాట వైపే చూస్తూ అంది:

"చెవుడొస్తే రానీ. నేను గట్టిగా అరిచి చెప్తా. దానికి ఒక్కనివే కూర్చోని ఇంత భయపడతావా?"

మామూలుగా మా ఆవిడ మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది. ఈ మాట మాత్రం చాలా మెల్లిగా, పెదవులు కదిలీ కదలకుండా, నా కుడిపక్కన కూర్చుని అంది. నేను పాట ఆపలేదు. ప్రతి అక్షరమూ వినపడింది.