ముందుగాల ఏం జేయాలె

సెక్యూరిటీ సర్టిఫికెట్ పరీక్షలో మొదటిసారి ఫెయిలైనప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పదేళ్లుగా కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాస్తున్నదాన్ని. ఏ సర్వర్ మొరాయించినా, ఏ వైరస్ చొరబడినా ముందు పరుగెత్తేది నేనే. అలాంటి నాకు సెక్యూరిటీ రాదంటారా? మా మేనేజర్ మాత్రం చల్లగా చెప్పాడు. టీమ్ లీడ్ పోస్టు రెండు నెలలు ఖాళీగా ఉంచుతాడట. ఈలోగా ఆ సర్టిఫికెట్ తెచ్చుకుంటే నాది, లేకపోతే నాకంటే ఆరేళ్లు చిన్నవాడిది. ఆ చిన్నవాడికి పని నేర్పింది కూడా నేనే. వాడి ముందు నిలబడి సెలవు అడగడం ఊహించుకుంటేనే ఒళ్లు మండిపోయేది.

ఆ పరీక్షలో ప్రశ్నలు చాలావరకు ఒకటే తీరు. ఎక్కడో ఏదో కొంప మునుగుతుంది. కింద నాలుగు జవాబులుంటాయి, నాలుగూ సరైనవే అనిపిస్తాయి. వీటిలో అన్నిటికంటే ముందు ఏం చేస్తావు అని అడుగుతారు. నేను ప్రతిసారీ కంప్యూటర్ వైరు పీకేయాలన్న జవాబే పెట్టేదాన్ని. ఆన్‌లైన్ క్లాసు చెప్పే సార్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు, "రిపేరు చేసేవాళ్లలా కాదు, పెద్దరికం చేసేవాళ్లలా ఆలోచించండి" అని. పుట్టింట్లో చిన్నకూతురిని, అత్తింట్లో చిన్నకోడలిని. పెద్దరికం నాకు ఎవరిచ్చారు గనక?

ఒక ఆదివారం వాకిట్లో అత్తమ్మ చేవెళ్ల మార్కెట్‌కు పోవాల్సిన టమాటాలు ఏరుతోంది. దోరవి ఒక బాక్సులో, పండినవి ఇంకో బాక్సులో. పక్కనే గోడకు ఆనుకుని నేను లావుపాటి పుస్తకం ముందేసుకున్నాను. ఇంగ్లీషులో బుర్రకెక్కడం లేదని ప్రశ్నను తెలుగులోకి తిప్పి పైకే చదువుకున్నాను.

"కంపెనీ కంప్యూటర్ల దొంగలు వడ్డరని ఒకడొచ్చి జెప్పిండు. ముందుగాల ఏం జేయాలె? వైరు పీకాలె."

"ఊకో" అంది అత్తమ్మ తల ఎత్తకుండానే. "నిజంగ వడ్డరా, వాడు ఊర్కెనే లొల్లి వెడ్తున్నడా? మొదలు అది సూడాలె గద."

పుస్తకం వెనక జవాబు చూశాను. అక్షరాలా అదే. కాకతాళీయం అనుకుని ఇంకోటి అడిగాను.

"కంప్యూటర్ల రూముల అగ్గి వుట్టింది. ముందుగాల?" కరెంటు బంద్ చేయాలని నేను అప్పటికే మనసులో టిక్కు పెట్టేశాను.

"లోపలి మన్సులు బయటికొచ్చిండ్రా?"

అదీ కరెక్టే. నాకు ఒళ్లు మండింది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి టమాటాలు ఏరుతూ చెప్పే జవాబు నాకెందుకు తట్టదు?

అత్తమ్మ ఒకప్పుడు ఊరి సర్పంచ్. మహిళా రిజర్వేషన్ వస్తే ఆమెను నిలబెట్టారు, గెలిచింది. కానీ సర్పంచ్ సాబ్ అంటే ఊరందరికీ మామయ్యే. కుర్చీలో కూర్చున్నదీ, మైకు పట్టుకున్నదీ ఆయన. అత్తమ్మ సంతకాలు పెట్టింది, వచ్చినవాళ్లకు చాయ్ పంపింది, తలుపు వెనక నిలబడి ఐదేళ్లపాటు అందరి పంచాయితీలూ విన్నది.

ఆ రోజు నుంచి పొద్దున స్కూటీ తీసి మొయినాబాద్ వెళ్లి ఆఫీసు బస్సు పట్టుకునేలోపు పది ప్రశ్నలు, సాయంత్రం వచ్చాక పది. పనిలోంచి తీసేయబోయే ఉద్యోగి విషయంలో ముందు ఏం చేయాలని అడిగితే అత్తమ్మ ఏరడం ఆపేసింది.

"తాళంచెవులు గుంజుకోవాలె. గప్పుడు జెప్పాలె. మనూరి నీళ్లట్యాంకి కాడ ఒకన్ని తీసేస్తే ఏమాయె? ముందు వానికి జెప్పిండ్రు, చెవి అడుగుడు మర్సిండ్రు. వాడు చెవి జేబులేస్కోని అత్తగారింటికి వోయిండు. మూడొద్దులు ఊరికి నీళ్లు లెవ్వు."

ఇది విని మామయ్యకు పౌరుషం వచ్చింది. నన్ను కూడా అడుగు అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు ఒకటే, "ఎమ్మెల్యేకు ఫోన్ కొట్టు." పాపం, ఆ పుస్తకంలో వెయ్యికి పైగా ప్రశ్నలున్నాయి గానీ ఒక్కదాని కిందా ఆ ఆప్షన్ లేదు.

అత్తమ్మకు కూడా అన్నీ కుదరలేదు. పాస్‌వర్డ్ అంటే ఇంటి తాళంచెవి లాంటిదని చెప్పి, దాన్ని పక్కవాళ్లకు ఇవ్వవచ్చా అంటే, "ఇయ్యకపోతె ఎట్ల? మనం లేనప్పుడు వానొస్తె బట్టలెవరు తీస్తరు?" అంది. ఇవ్వకూడదని పుస్తకం రాసిందంటే, రాసినవాడికి ఇరుగుపొరుగు లేనట్టుందని జాలిపడింది. ఇక లెక్కలతో నిండిన సంకేతలిపి పాఠాలకైతే, "అది నీ సదువు, నువ్వే సదువుకో" అని చేతులెత్తేసింది.

పరీక్ష రోజు చేతి గాజులతో సహా అన్నీ తీయించి లోపలికి పంపారు. మొదటి ప్రశ్నకే చేయి వైరు పీకే జవాబు మీదికి పోయింది. "ఊకో" అని నాకు నేనే చెప్పుకుని చేయి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ పని ఎవరిది, ఎవరికి చెప్పాలి, మనుషులు క్షేమమా, నిజంగా జరిగిందా? ప్రతి ప్రశ్ననూ వాకిట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఆ పరీక్ష వంద ప్రశ్నల తర్వాత మన జవాబులను బట్టి ఎక్కడైనా ఆగిపోవచ్చు. పాసైనా అంతే, ఫెయిలైనా అంతే. వందో ప్రశ్న దాటిందో లేదో తెర టక్కున మూసుకుంది. బయట కౌంటర్ అమ్మాయి బోర్లించి ఇచ్చిన కాగితాన్ని మెట్లు దిగేదాకా తిప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లోనే ఉంది.

"పాసైన, అత్తమ్మా."

చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమేం అడిగిండ్రు?" అంది.

"చెప్పొద్దు. చెప్పనని సంతకం పెట్టిన."

"సంతకం వెడ్తె జెప్పొద్దు" అని ఒప్పుకుంది. తర్వాత కాగితం మీద నుంచి కళ్లు తీయకుండా అంది. "ఐదేండ్లు సర్పంచ్‌నున్న. ముందుగాల ఏం జేద్దామని ఒక్కడన్న నన్ను అడగలే. నువ్వు నెలన్నర సంది రోజూ అడిగినవ్."

నాకు ఫెయిలైనప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె జవాబులు వాడుకున్నాను గానీ, అలా అడగడం ఆమెకు ఎంత విలువైనదో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది.

"పాసై ఏడుస్తవేందే?" అని కసిరి, కాగితం నా చేతిలో పెట్టింది. "రేపటి సంది ఆఫీసుల నువ్వు పెద్దదానివి. అడిగితె జెప్పు. అడగకపోయినా జెప్పు. నేను జెప్పకపోతి."