గంగారాం కాక నేర్పిన స్పానిష్

మొన్న కరీంనగర్ బస్టాండు ఎదుట ఆటో కోసం నిలబడి ఉంటే పక్కనే ఉన్న బండి మీంచి మాడుతున్న నువ్వుల వాసన వచ్చింది. ఎవరికైనా ఆ వాసనకు ఇల్లో, పండుగో గుర్తుకు రావాలి. నాకు మాత్రం గంగారాం కాక గుర్తొచ్చాడు, ఆయన వెనకే స్పెయిన్‌లోని ఒక చిన్న వంటగది గుర్తొచ్చింది. కాక పోయిన వానాకాలం కన్నుమూశాడు. ఆయనకు స్పానిష్‌లో ఒక్క ముక్క రాదు. అయినా నాకు స్పానిష్ మాట్లాడటం వచ్చిందంటే ఆయన వల్లే.

సిరిసిల్లలో మా బాపు పనిచేసే మరమగ్గాల షెడ్డు పక్కనే కాక హోటలు ఉండేది. హోటలంటే రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక పెద్ద కడాయి. మగ్గాల చప్పుడులో వినపడాలని ఆయన ఎప్పుడూ అరుస్తున్నట్టే మాట్లాడేవాడు. వయసులో ఉండగా ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తి మోసి మరాఠీ నేర్చుకున్నాడు, తర్వాత మస్కట్‌లో ఒక వంటశాలలో చేరి అరబ్బీ నేర్చుకున్నాడు. రెండింటిలో దేన్నీ రాయలేడు, చదవలేడు. హైదరాబాదు యూనివర్సిటీలో స్పానిష్ చదివే ఫస్టు ర్యాంకు పిల్లనైన నాకు లోలోపల ఆయనంటే కొంచెం చిన్నచూపు కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

భాష మెరుగుపరుచుకోవడానికి అయిదు నెలలు స్పెయిన్ వెళ్లే అవకాశం వచ్చినప్పుడు చెప్పిపోదామని హోటలుకు వెళ్లాను. "ఏదీ, గా భాషల జర మాట్లాడు బిడ్డా" అన్నాడు. పర్యావరణం మీద కంఠతా పట్టిన పేరా మొత్తం గడగడా అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిగున్నది. గిప్పుడు నన్ను ఉప్పు అడుగు" అన్నాడు. నేను మనసులో వాక్యం కట్టుకుని, మర్యాదగా అడగాలా, మామూలుగా అడగాలా అని తేల్చుకునేలోగా ఆయన ఒక వాయి వడలు తీసేశాడు. "ఉప్పు లేకుంటనే తిన్నవ్ పో" అని నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

స్పెయిన్‌లో పిలార్ అనే డెబ్బయ్యేళ్ల ఆవిడ ఇంట్లో నాకు గది ఇచ్చారు. మొదటి రోజు భోజనంలో ఇంకొంచెం వడ్డించనా అని అడిగింది. వద్దన్నాను. మా దగ్గర మొదటిసారే సరేనంటే ఆశపోతు అనుకుంటారు కదా. వద్దనాలి, పెట్టేవాళ్లు ఇంకో రెండుసార్లు బతిమాలాలి, అప్పుడు ఇష్టం లేనట్టు కంచం ముందుకు జరపాలి. పిలార్ సరేనని గిన్నె మూత పెట్టేసింది. రెండోరోజూ అంతే. మూడు వారాలు నేను అర్ధాకలితో ఆవిడ బతిమాలుతుందని ఎదురుచూశాను, ఆవిడేమో నేను పిట్టంత తింటానని జాలిపడింది. క్లాసులోనూ అదే కథ. రాతలో నాకే ఎక్కువ మార్కులు, నోరు మాత్రం పెగలదు. తప్పు దొర్లితే ఎలా అని భయం. చివర్లో జరిగే మౌఖిక పరీక్షలో ఫెయిలైతే ఈ అయిదు నెలల చదువు లెక్కలోకి రాదని, ఏడాది వృథా అవుతుందని టీచరు పిలిచి మరీ హెచ్చరించింది.

ఇంట్లో చెప్పే ధైర్యం లేక కాకకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "అడుగందే అవ్వ గూడ అన్నం పెట్టదు. గామెకేం ఎర్క నీ మర్యాద?" అన్నాడు. మరి ఏం చేయమంటావని అడిగాను. "పుస్తకం పక్కకు పెట్టు. గామె వంటింట్ల సొచ్చి పని జెయ్యి. చేతులకు పని తగిలితే నోటికి భయం ఉండది. నేను మస్కట్ల ఉల్లిగడ్డలు కోసుకుంటనే అరబ్బీ నేర్చిన."

ఆ ఆదివారం పిలార్‌ను అడిగి వంటగదిలోకి వెళ్లాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, వెల్లుల్లి, కారం కలిపి సర్వపిండి చేయడం మొదలుపెట్టాను. మందపాటి గిన్నె అడుగున పిండి వత్తి వేలితో చిల్లులు పొడుస్తుంటే, వంట పాడుచేస్తున్నాననుకుని పిలార్ నా చేయి పట్టుకుంది. నూనె పోయడానికే అని సైగ చేశాను. మూత పెట్టి అటు తిరిగానో లేదో ఆవిడ మంట పెంచేసింది. "వద్దు! తగ్గించు! మాడిపోతుంది!" అని స్పానిష్‌లో అరిచాను. ఆ మూడు మాటల్లో రెండు తప్పులున్నాయి. పిలార్ వెంటనే మంట తగ్గించింది. మాడిన నువ్వుల వాసన మధ్య ఇద్దరం నవ్వుకున్నాం. చిల్లులెందుకో, మా అవ్వ ఎలా చేస్తుందో, మూడు వారాలు నేనెందుకు ఆకలితో ఉన్నానో గంటసేపు చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని నా కంచం నింపింది.

మౌఖిక పరీక్ష పాసయ్యాను. మార్కులు గొప్పగా ఏం రాలేదు.

తిరిగొచ్చాక సర్టిఫికెట్ పట్టుకుని హోటలుకు పరుగెత్తాను. కాక చేతులు తుడుచుకుని కాగితాన్ని అంచులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. నీకు ఇంత ధైర్యం ఎక్కడిది కాకా అని సరదాగా అడిగాను. ఆయన గొంతు తగ్గించడం అప్పుడే మొదటిసారి విన్నాను.

"నాకేడి ధైర్యం బిడ్డా. మస్కట్ పోయిన కొత్తల నా రూముల సాయిలు అనేటోడు ఉండె. ధర్మపురి దిక్కోడు, నా ఈడోడే. ఒకనాడు పొద్దుగాల ఛాతిల నొస్తుందన్నడు. కింద వాచ్‌మన్ ఉండె, అరబ్బోడు. నొప్పి, దవాఖాన. గా రెండు మాటలు అరబ్బీల నాకు అప్పటికే వచ్చు. కని సక్కగ అనకుంటే నవ్వుతడేమోనని, అరబ్బీ మంచిగ వచ్చినోన్ని తోల్కరాను అవతలి బిల్డింగుకు ఉరికిన. వచ్చేసరికి సాయిలు పోయిండు."

సర్టిఫికెట్ నా చేతికిచ్చి కడాయి దగ్గరికి వెళ్లిపోయాడు. తప్పు మాట్లాడతాననే భయానికి నాకు పోయేది ఒక ఏడాదే, అదే భయానికి ఆయన ఒక మనిషిని పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ముందే చెప్పి నన్ను బెదిరించి ఉండవచ్చు. చెప్పలేదు. ఆయన మంచితనం నాకు అక్కడే అర్థమైంది.

ఇప్పుడు హైదరాబాదులో స్పానిష్ పాఠాలు చెబుతున్నాను. కొత్తవాళ్ల ముందు వాక్యం కుదరక ఇప్పటికీ ఒక్కోసారి మాట తడబడుతుంది. అప్పుడు నేనెన్నడూ చూడని సాయిలు గుర్తొస్తాడు. వాక్యం కుదిరేదాకా ఆగను. ఎన్ని తప్పులున్నా సరే, నోట్లో ఉన్న రెండు మాటలూ ముందు అనేస్తాను.