ఎవరన్న అంటే ఎవరు?

ఈ రోజు రుద్రూర్ దగ్గర చెరకు కొడుతుండగా తేనెటీగలు కుట్టిన ఒక అవ్వను మా బోధన్ ఆసుపత్రికి తెచ్చారు. మొహమంతా వాచిపోయింది, ఊపిరి అందడం లేదు. "ఎవరన్న అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇయ్యిండ్రి!" అంది డాక్టరమ్మ. సల్మా ఇస్తుందని నేను, నేనిస్తానని సల్మా, నర్సులం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆగిపోయాం.

డాక్టరమ్మకు వెంటనే అర్థమైంది.

"రాధా, ఇంజెక్షన్ నువ్వియ్యి. ఇచ్చినంక గట్టిగ చెప్పు. సల్మా, నువ్వు ఆక్సిజన్ పెట్టు."

"ఇచ్చిన మేడం!" సూది తీస్తూనే అరిచాను.

"పెట్టిన మేడం!" అంది సల్మా.

ముగ్గురం అవ్వ ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. అవ్వ కళ్లు తెరిచి నన్నే చూసింది.

"గంత గట్టిగ ఎందుకు ఒర్రినవ్ బిడ్డ?"

మీ దగ్గర "ఎవరైనా చూడండి" అన్న పని చివరికి ఎవరు చేస్తున్నారు?